వైరస్‌కు చుట్టం విషం, వైరి కాదు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం సంచికలో మాటల పుట్టుకపై వచ్చే శీర్షికలో, వైరస్ అనే మాట మన "వైరి" నుంచే పుట్టిందనీ, అది మనిషికి శత్రువు కాబట్టే ఆ పేరు పడిందనీ రాశారు. కరోనా రోజుల నుంచి ఈ మాట వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంది. ఇప్పుడు అచ్చులోకి కూడా ఎక్కింది కనుక ఈ ఉత్తరం రాయవలసి వచ్చింది. వైరస్‌కు సంస్కృతంలో చుట్టం ఉన్న సంగతి నిజమే. ఆ చుట్టం వైరి కాదు, విషం. ఇది ఇష్టాన్ని బట్టి తేల్చుకునే విషయం కాదు. రెండు భాషల మాటలనూ పక్కపక్కన పెట్టి ఒక్కొక్క అక్షరం సరిచూడవచ్చు. కాస్త చోటిస్తే ఆ పని ఇక్కడే చేస్తాను.

ముందు ఉచ్చారణ సంగతి. వైరస్‌లోని "వై" లాటిన్‌ది కాదు, ఇంగ్లీషువాళ్లు పెట్టింది. రోమన్ల నోట అది "వీరుస్". మొదటి అక్షరం దీర్ఘం. వకారాన్ని పెదవులు గుండ్రంగా చుట్టి పలికేవారు. ఇంగ్లీషులో 15వ శతాబ్దం మొదలుకొని దీర్ఘాచ్చులన్నీ ఒక్కొక్కటిగా చోటు మారాయి. ఆ మార్పులో ఈకారం ఐకారమైంది. ఆ అలవాటు ప్రకారమే వాళ్లు "వీరుస్"ను "వైరస్" అన్నారు, మనం వాళ్ల నోటి నుంచి అందుకున్నాం. జర్మన్లు ఇప్పటికీ వీరుస్ అనే అంటారు. అంటే వైరికీ వైరస్‌కూ చెవికి వినబడే పోలిక వయసు కొద్ది వందల ఏళ్లే. రోమన్ల కాలంలో ఆ పోలిక లేనే లేదు.

ఇక వైరిలోని "వై" సంగతి వేరు. అది సంస్కృత వ్యాకరణంలో వృద్ధి. శివ నుంచి శైవ, విష్ణు నుంచి వైష్ణవ వచ్చినట్టే వీర నుంచి వైర వచ్చింది. వైరం గలవాడు వైరి. వేదంలో "వైరదేయం" అనే మాట ఉంది. చంపిన మనిషికి బదులుగా అతని వాళ్లకు చెల్లించే వెల అని దానికి పండితులు అర్థం చెబుతారు. వీర శబ్దానికి పాత అర్థం మగవాడు, మనిషి. దీనికి లాటిన్‌లో నిజమైన చుట్టం "విర్". అర్థం మగవాడే. దాని నుంచి "విర్తూస్" వచ్చింది. మొదట మగటిమి, తరువాత సద్గుణం, సామర్థ్యం అని అర్థాలు. విర్తూస్ నుంచి ఇంగ్లీషులో వర్చ్యూ, వర్చువల్ వచ్చాయి. వైరికి లాటిన్ వైపు బంధువు కావాలంటే వర్చువల్ మీటింగ్‌లోని వర్చువల్ ఉంది. వైరస్ ఆ ఇంటిది కాదు.

పొరపాటుకు మూలం ఇక్కడే ఉంది. సంస్కృతంలో వీర దీర్ఘం, లాటిన్‌లో విర్ హ్రస్వం. సంస్కృతంలో విష హ్రస్వం, లాటిన్‌లో వీరుస్ దీర్ఘం. రెండు జంటలూ అడ్డంగా దాటుకున్నాయి. ఇంగ్లీషు లిపిలో హ్రస్వదీర్ఘాల తేడా కనబడదు కనుక విర్, వీరుస్ ఒకే ధాతువు నుంచి వచ్చినట్టు తోస్తుంది. తెలుగు లిపిలో రాస్తే గుడి, గుడిదీర్ఘం దగ్గరే తేడా తెలిసిపోతుంది. లాటిన్ మాటలను తెలుగులో రాసేటప్పుడు ఆ సౌకర్యాన్ని వాడుకోవాలని నా అభిప్రాయం.

ఇప్పుడు అసలు లెక్క. విషలో ష ఉంది, వీరుస్‌లో ర ఉంది. ఈ రెండూ ఒకటెలా అవుతాయి? లాటిన్‌లో ఒక కాలంలో రెండు అచ్చుల మధ్య చిక్కిన సకారమల్లా రేఫగా, అంటే రకారంగా మారింది. ఇది ఒక్క మాటలో జరిగింది కాదు, భాషంతటా జరిగింది. సంస్కృతం చదివినవాళ్లు తమకు తెలిసిన మాటలతోనే దీన్ని పరీక్షించుకోవచ్చు. ఎలుకకు సంస్కృతంలో మూష్, మూషికం. లాటిన్‌లో మూస్, షష్ఠీ విభక్తిలో "మూరిస్". ప్రథమలో స మాట చివర ఉంది, దాని తరువాత అచ్చు లేదు, కాబట్టి మిగిలింది. షష్ఠిలో అచ్చుల మధ్య పడింది, రేఫ అయింది. కోడలికి సంస్కృతంలో స్నుష, లాటిన్‌లో "నురుస్". వంశం, పుట్టుక అనే అర్థంలో సంస్కృతంలో జనస్, షష్ఠిలో జనసః. లాటిన్‌లో గెనుస్, షష్ఠిలో "గెనెరిస్". జీవశాస్త్రంలో ప్రజాతికి వాడే జీనస్, దాని బహువచనం జెనెరా ఈ మాటే. స్త్రీలింగ సర్వనామానికి షష్ఠీ బహువచనం సంస్కృతంలో తాసామ్, లాటిన్‌లో ఆ ప్రత్యయం "ఆరుమ్". స్నుష, నురుస్ ఒకే మూలం నుంచి విడిపోయిన దారిలోనే విష, వీరుస్ కూడా విడిపోయాయి.

ఈ మార్పు ఎప్పుడు జరిగిందో కూడా ఆనవాలు దొరుకుతుంది. పాపిసియస్ అనే పాత ఇంటిపేరును మానేసి పాపిరియస్ అని పిలిపించుకున్న మొదటి మనిషి గురించి రోమన్ వక్త సిసిరో ఒక ఉత్తరంలో రాశాడు. ఆ మనిషి క్రీస్తుపూర్వం 4వ శతాబ్దానికి చెందినవాడు. అంటే వీరుస్‌లోని రేఫకు 2300 ఏళ్లకు పైబడిన వయసుంది.

మరి సంస్కృతంలో స కాకుండా ష ఎందుకుంది? దీనికి జవాబు సంస్కృతం మొదటి తరగతిలోనే వస్తుంది. లతాసు అంటాం, హరిషు, గురుషు అంటాం. ఇకార ఉకారాల వంటి అచ్చుల తరువాత సకారం షకారమవుతుంది. విషలో ఇకారం, మూషలో ఊకారం, స్నుషలో ఉకారం ఉన్నాయి. మూడింటిలోనూ ష రావడం అందుకే. జనస్‌లో అకారం ఉంది, అక్కడ స అలాగే నిలిచింది. అన్నీ నియమం ప్రకారం కుదురుతున్నాయి.

మూడో సాక్షి గ్రీకు భాష. గ్రీకులో మొదటి వకారం పడిపోతుంది, అచ్చుల మధ్య సకారం కూడా పడిపోతుంది. ఈ భాషల ఉమ్మడి మూలంలోని వీసొస్ వంటి రూపం నుంచి ఆ రెండూ తీసేస్తే మిగిలేది "ఈఒస్". గ్రీకులో విషానికి మాట సరిగ్గా అదే. నాలుగో సాక్షి పాత ఐరిష్. అందులో మాట మొదటి వకారం ఫకారమవుతుంది, అచ్చుల మధ్య సకారం పోతుంది. అక్కడ విషానికి "ఫీ" అంటారు. వీరకు చుట్టమైన మాట అదే ఐరిష్‌లో "ఫెర్". రేఫ చెక్కుచెదరకుండా ఉంది. పుట్టుకతో వచ్చిన రేఫ, తరువాత సకారం నుంచి తయారైన రేఫ వేరువేరని ఇంతకంటే స్పష్టంగా చూపే చోటు మరొకటి లేదు. వైరస్ వైరి చుట్టమే అయితే ఐరిష్ రూపంలోనూ రేఫ ఉండాలి. లేదు.

అర్థం సంగతి. మూలధాతువుకు కారడం, పారడం అనే అర్థం చెబుతారు. మన వ్యుత్పత్తికారులు విషాన్ని వ్యాపించేది అని వివరించారు. నిఘంటువులు విష శబ్దానికి నీరు అనే అర్థం కూడా ఇస్తాయి. శ్లేష రాసే కవులకు అది బాగా పనికొచ్చింది. లాటిన్ వీరుస్ కూడా ప్రధానంగా ఒక ద్రవం: జిగటగా కారేది, ఘాటుగా ఉండేది, ముక్కుకో నోటికో సహించనిది. నల్లని పాములకు జూపిటర్ దేవుడు చెడ్డ వీరుస్ ఇచ్చాడని రోమన్ కవి వర్జిల్ రాశాడు. అక్కడ దాని అర్థం అచ్చంగా పాము విషం. మనుషులను ఈసడించుకునే తిమోన్ వంటివాడికి కూడా తన మనసులోని చేదంతా కక్కడానికి ఎదురుగా ఒక మనిషి కావాలి అంటూ సిసిరో ఆ చేదుకు వీరుస్ అనే వాడాడు. విషం కక్కడం అని తెలుగులో అనడం లేదా, సరిగ్గా అలాగే.

ఇంకా మంచి ఉదాహరణలు మరో రోమన్ కవి లుక్రీషియస్ కావ్యంలో ఉన్నాయి. సముద్రపు నీరు మట్టి పొరల గుండా పదే పదే వడగట్టుకుపోతే తియ్యబడుతుంది, ఎందుకంటే దాని పాడు వీరుస్ తాలూకు కణాలు పైనే చిక్కుకుపోతాయి అంటాడు. ఇక్కడ వీరుస్ అంటే ఉప్పునీటి కటికతనం. మరోచోట అత్తరు తయారీ గురించి చెబుతూ, కలిపే ఆలివ్ నూనెకు సొంత వాసన వీలైనంత తక్కువ ఉండాలి, లేకపోతే దాని వీరుస్ మిగతా పరిమళాలను చెడగొడుతుంది అంటాడు. అక్కడ తెలుగులో "కనరు" అని రాస్తే సరిపోతుంది. కాబట్టి వీరుస్ అంటే కేవలం విషం అని ఒక్క మాటతో తేల్చేయడం కూడా సరికాదు. విషం, జిగురు, కనరు, కటికతనం అన్నీ దాని పరిధిలోవే.

సెల్సస్ మాట విడిగా చెప్పాలి. క్రీస్తుశకం 1వ శతాబ్దంలో వైద్యం మీద రాసిన ఈ రోమన్, పిచ్చికుక్క కరిస్తే దాని వీరుస్‌ను "కుకుర్బితుల"తో లాగేయాలని రాశాడు. కుకుర్బితుల అంటే చిన్న సొరబుర్ర. చర్మం మీద బోర్లించి పీల్చే పాత్రకు అది పేరు. సుశ్రుతుడు కూడా చెడు రక్తం పీల్చి తీయడానికి కొమ్ము, జలగ, సొరబుర్ర చెప్పాడు. దీన్ని పట్టుకుని, రేబిస్‌కు కారణం వైరస్ అని రోమన్లకు 2000 ఏళ్ల క్రితమే తెలుసు అని కొందరు రాస్తున్నారు. అది తప్పు. సెల్సస్ చెప్పింది కుక్క నోటి విషం. ఈనాటి వైరస్ భావన అతనికి లేదు, ఉండే వీలూ లేదు. చికిత్సగా కూడా అది పనికిరాదు. ఈ రోజు కుక్క కరిస్తే గాయాన్ని పారే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించుకోవాలి. పీల్చడాలు, పసర్లు, కారం అద్దడాలు వద్దు.

వ్యాకరణం దగ్గరికి వస్తే వీరుస్ లాటిన్ విద్యార్థులను తికమకపెట్టే మాట. లాటిన్ నామాలను విభక్తి రూపాలను బట్టి వర్గాలుగా విడదీస్తారు. రెండో వర్గంలో "ఉస్"తో ముగిసే నామాలు మామూలుగా పుంలింగాలు. కొన్ని చెట్ల పేర్లు స్త్రీలింగాలు. నపుంసకలింగంలో ఉండేవి మూడే మూడు: వీరుస్, గుంపు అనే అర్థంలో వుల్గుస్, గ్రీకు నుంచి వచ్చిన పెలగుస్, అంటే సముద్రం. సంస్కృతంలో విషమ్ కూడా నపుంసకమే. నపుంసక నామానికి ప్రథమా ద్వితీయా ఒక్కటిగా ఉండడం ఈ భాషలన్నింటికీ ఉమ్మడి లక్షణం. విషమ్, విషమ్. అక్కడ వీరుస్, వీరుస్. తెలుగు వేరే కుటుంబపు భాషే అయినా ఇలాంటి పోకడ మనకూ ఉంది. "రాముణ్ణి చూశాడు" అనక తప్పదు గానీ "చెట్టు నరికాడు" అంటే చాలు.

మిగతా విభక్తులు: షష్ఠి వీరీ, చతుర్థీ పంచమీ వీరో. పైన చెప్పిన ఉప్పునీటి పాదంలో లుక్రీషియస్ వాడింది షష్ఠి, అత్తరు పాదంలో పంచమి. మిగిలిన ప్రాచీన రచయితలు దాదాపుగా వీరుస్ అనే ఒక్క రూపంతోనే సరిపెట్టుకున్నారు. బహువచనం ప్రాచీన లాటిన్‌లో కనబడదు. ఎందుకంటే అది లెక్కపెట్టే వస్తువు కాదు, ద్రవం. మజ్జిగలు, చీములు అని మనమూ అనం కదా.

ఈ కాలం వాళ్లకు బహువచనం అవసరమైంది. అక్కడే తప్పులు మొదలయ్యాయి. కొందరు "విరీ" అంటారు. హ్రస్వంతో పలికే విరీ అప్పటికే ఉన్న మాట, మగవాళ్లు అని అర్థం. కొందరు ఇంకో ఇ చేర్చి "విరిఈ" అని రాస్తారు. అలా రావాలంటే మూలరూపం "విరియుస్" అయి ఉండాలి. రేడియస్‌కు రేడియై వచ్చేది దాని మూలంలోనే ఇకారం ఉంది కాబట్టి. వీరుస్‌లో అది లేదు. ఆధునిక వృక్షశాస్త్ర లాటిన్‌లో నపుంసక నియమం ప్రకారం "వీర" అనే బహువచనం కట్టుకున్నారు. తెలుగు అక్షరాల్లో రాస్తే అది మన వీర శబ్దంలా కనబడుతుంది గానీ దానికీ దీనికీ సంబంధం లేదు. ఇంగ్లీషులో వైరసెస్, తెలుగులో వైరస్‌లు. ఇవి రెండూ ఆయా భాషల సొంత పద్ధతిలో చక్కగా ఉన్నాయి. తెలుగులో "వైరస్ సోకింది" అని అమహత్తుగానే వాడుతున్నాం. మాట పుట్టిన భాషలో అది నపుంసకం, మన నోట్లోనూ నపుంసకమే. ఫ్రెంచివాళ్లు, హిందీవాళ్లు దాన్ని పుంలింగం చేశారు. జర్మన్‌లో శాస్త్రవేత్తలు నపుంసకంగా, బజారులో చాలామంది పుంలింగంగా వాడతారు.

"స్"తో ముగిసే లాటిన్ మాటలన్నిటికీ ఒకే మందు వేయకూడదని కూడా చెప్పాలి. ఫోకస్, క్యాంపస్, ఫంగస్ రెండో వర్గపు పుంలింగాలు, వాటి బహువచనం ఈకారంతో వస్తుంది. సెన్సస్, స్టేటస్ నాలుగో వర్గం, వాటి బహువచనంలో చివరి ఉకారం దీర్ఘమవుతుంది, అంతే. కార్పస్, జీనస్ మూడో వర్గపు నపుంసకాలు, కార్పొరా, జెనెరా అవుతాయి. బోనస్ అసలు నామమే కాదు, మంచి అనే విశేషణం. బస్సు సంగతి మరీ ఆశ్చర్యం. "అందరి కొరకు" అనే అర్థం గల ఓమ్నిబుస్‌లో చివరి ముక్క అది, చతుర్థీ బహువచన ప్రత్యయం. సంస్కృతంలో "రామేభ్యః" అన్నప్పుడు వినబడే భ్యస్‌కు అది దగ్గరి బంధువు. ఊళ్లో రోజూ ఎక్కే బస్సు మొత్తం ఒక విభక్తి ప్రత్యయం.

మళ్లీ వైరస్‌కు వద్దాం. ద్రవం పేరు రోగకారక కణానికి ఎలా వచ్చిందో చూస్తే మీ శీర్షికలో రాసిన "శత్రువు" కథ ఇంకో వైపు నుంచి కూడా నిలబడదు. ఇంగ్లీషు వైద్యులు 18వ శతాబ్దంలో పుండు నుంచి కారే, రోగం అంటించే రసిని వైరస్ అనేవారు. 1798లో ఆవు మశూచి మీద పుస్తకం అచ్చువేసిన ఎడ్వర్డ్ జెన్నర్ వాడిన వైరస్ కూడా ఆ రసే. వ్యాక్సిన్ అనే మాటలో ఉన్నది లాటిన్ "వక్క", అంటే ఆవు. 1892లో ద్మిత్రీ ఇవనోవ్‌స్కీ అనే శాస్త్రవేత్త మొజాయిక్ తెగులు సోకిన పొగాకు ఆకుల రసాన్ని బ్యాక్టీరియాను ఆపగలిగే పింగాణీ వడపోత గుండా పంపాడు. కిందికి దిగిన రసం మళ్లీ తెగులు పుట్టించింది. 1898లో మార్టినస్ బైయరింక్ అనే మరో శాస్త్రవేత్త అదే పరీక్ష చేసి, ఇందులో ఉన్నది కణం కాదు, బతికి ఉన్న ద్రవమే అనుకుని "కొన్‌తాగియుమ్ వీవుమ్ ఫ్లూయిదుమ్" అని పేరు పెట్టాడు. అంటుకునే సజీవ ద్రవం అని అర్థం. మూడు మాటలకూ చివర ఉమ్ రావడం చూడండి, నామం నపుంసకం కనుక విశేషణాలు రెండూ దాని లింగాన్నే పట్టుకున్నాయి. అందులోని వీవుమ్ మన జీవమ్‌కు తోబుట్టువు. ద్రవం అనుకున్నాడు కనుకనే వైరస్ అనే పాత ద్రవవాచకం అతని చేతిలో ఇమిడింది. 1935లో వెండెల్ స్టాన్లీ ఆ పొగాకు వైరస్‌ను స్ఫటికాలుగా తీశాడు, కొద్ది ఏళ్లకే ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో సన్నని కడ్డీల్లా కనబడింది. ద్రవం కాదని తేలేటప్పటికి పేరు స్థిరపడిపోయింది. కంప్యూటర్ వైరస్ అనే వాడుక 1980లలో వచ్చింది, దాని గురించి ఇక్కడ చెప్పవలసినదేమీ లేదు.

వీరుస్ నపుంసకం అన్నది చచ్చిపోయిన వ్యాకరణం అనుకునేవారికి ఒక్క మాట. వైరస్ జాతుల పేర్లను నిర్ణయించే అంతర్జాతీయ సంఘం 2021లో ప్రతి జాతికీ రెండు పదాల పేరు ఉండాలని తీర్మానించింది. కొవిడ్ వైరస్ చేరిన జాతి ఇప్పుడు బేటాకొరోనావైరస్ పాండెమికమ్. జపనీస్ మెదడువాపు వ్యాధి తెచ్చేది ఆర్థోఫ్లావివైరస్ జపోనికమ్. ఎబోలాలో ఒకటి ఆర్థోఎబోలావైరస్ జైరెన్సే. లాటిన్ విశేషణం వాడిన ఈ చోట్ల చివర ఉమ్, ఎన్సే అని నపుంసక ప్రత్యయాలే ఉన్నాయి. ఇప్పుడు బీటీ పత్తిలోని బీటీని చూడండి. అది బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే బ్యాక్టీరియా. జర్మనీలోని తురింజియా ప్రాంతం పేరు. బాసిల్లస్ కూడా "స్"తోనే ముగుస్తుంది గానీ పుంలింగం. అందుకే ఎన్సిస్. జైరెన్సే, తురింజియెన్సిస్ రెండూ "ఆ ఊరిది" అనే అర్థమిచ్చే ఒకే ప్రత్యయపు రెండు లింగాలు. పత్రికలో ఈ పేర్లు రాసేటప్పుడు "జైరెన్సిస్" అని దిద్దవద్దని మనవి.

కుటుంబాల పేర్లకు చివర "విరిడే" వస్తుంది. అందులో విర్ అన్నది వీరుస్ కుదించిన రూపం, ఇడే గ్రీకు నుంచి వచ్చిన సంతానార్థక ప్రత్యయం. దశరథుని కొడుకు దాశరథి, పాండురాజు కొడుకులు పాండవులు అన్నట్టు. పిల్లలకు విరేచనాలు తెచ్చే రోటావైరస్ పేరులో రెండు ముక్కలూ మనకు చుట్టాలే. సూక్ష్మదర్శినిలో బండిచక్రంలా కనబడింది కాబట్టి "రోటా", అంటే చక్రం. దాని సంస్కృత బంధువు రథం.

ఇంత చెప్పాక మీ వార్తల పేజీల గురించి కూడా ఒక విన్నపం ఉంది. అది ఈ మాటకే సంబంధించింది. వానలు పడగానే "విజృంభిస్తున్న విషజ్వరాలు" అనే శీర్షిక వస్తుంది. మాటవరసకు విషజ్వరం వైరల్ ఫీవర్‌కు చాలా చక్కని తెలుగు, రెంటిలోనూ ఉన్నది ఒకే ధాతువు. చిక్కు ఏమిటంటే ఆ వార్త కింద డెంగీ, మలేరియా, టైఫాయిడ్, స్క్రబ్ టైఫస్ అన్నీ కలిపి రాస్తారు. వీటిలో వైరస్ వల్ల వచ్చేది డెంగీ ఒక్కటే. మలేరియాకు కారణం ప్లాస్మోడియం అనే పరాన్నజీవి. టైఫాయిడ్, స్క్రబ్ టైఫస్ బ్యాక్టీరియా జబ్బులు. ఆ రెండింటికీ యాంటీబయాటిక్ ఆలస్యమైతే ప్రాణం మీదికి వస్తుంది. డెంగీకి యాంటీబయాటిక్ పనిచేయదు. డెంగీ అనుమానం ఉన్నప్పుడు ఆస్ప్రిన్, ఐబూప్రోఫెన్ వేసుకుంటే రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది కనుక పారాసిటమాల్ మాత్రమే వాడమంటారు. నాలుగు వేరువేరు జబ్బులను ఒక్క మాట కింద కట్టేస్తే, పక్కింటి వాళ్లకు పనిచేసిన మందు మనకూ పనిచేస్తుందని జనం అనుకుంటారు.

పైగా ఆయుర్వేదంలో "విషమజ్వరం" అనే మరో మాట ఉంది. దాన్ని కూడా కొందరు విషజ్వరమే అనుకుని రాస్తున్నారు. విషమలో విషం లేదు. అది వి, సమ అనే రెండు ముక్కల కలయిక. ఇకారం తరువాత స ష అయింది, హరిషులో అయినట్టే. సమంగా లేనిది, లయ తప్పినది అని అర్థం. రోజు విడిచి రోజు వచ్చే తృతీయకం, రెండు రోజులు విడిచి వచ్చే చాతుర్థకం విషమజ్వరాల్లోవి. లక్షణాలను బట్టి చూస్తే మలేరియాకు దగ్గరపడేది ఆ మాట. విష, విషమ, వైర, వైరస్: నాలుగూ ఒకేలా వినబడతాయి. వీటిలో బంధుత్వం ఉన్నది మొదటిదానికీ చివరిదానికీ మాత్రమే.

కాబట్టి రెండు పనులు చేయమని కోరుతున్నాను. శీర్షికలో వైరి గురించి రాసిన వాక్యాలకు సవరణ వేయండి. జ్వరాల వార్తల్లో రక్తపరీక్షలో తేలిన జబ్బు పేరు రాయండి. పరీక్షలో వైరస్ అని తేలితే విషజ్వరం అనండి. ఏమీ తేలకపోతే జ్వరాలు అని ఊరుకోండి.

భవదీయుడు,
సంస్కృతం, లాటిన్ చదువుకున్న ఒక పాఠకుడు